రెండో వైపు ఆఖరి పాట

నలభై ఆరేళ్ల కిందట తాను సాక్సాఫోన్ వాయించిన రికార్డును మళ్లీ వేస్తున్నామని హైదరాబాదు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, షేక్ మాలిక్ అదేదో మోసం ఫోనని పెట్టేశాడు. రెండోసారి చేస్తే కూతురు నజ్మీన్ తీసి, "మా నాన్నకి ఆ సంగతులు ఎత్తడం ఇష్టం ఉండదండీ" అని మర్యాదగా చెప్పింది. మూడోసారి ఆ అమ్మాయి ఫోన్ చెయ్యలేదు. తిన్నగా వేటపాలెం వచ్చి దిగింది.

మార్చి నెల. పొద్దున పది కూడా కాలేదు, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. జీడిగింజలు కాల్చే వాసన వీధంతా కమ్ముకుని ఉంది. మాలిక్ వరండాలో కూర్చుని పేపరు చూస్తుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది. దిగిన అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. ఒక చేతిలో సూట్‌కేసు లాంటి పెట్టె, ఇంకో చేతిలో పల్చటి అట్టపెట్టె.

"మాలిక్ గారంటే మీరేనాండీ? 'రెడ్ యార్డ్'లో వాయించిన మాలిక్ గారు?"

ఆ పేరు పరాయి మనిషి నోట విని ఎన్నేళ్లయిందో మాలిక్‌కి గుర్తు లేదు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"లోపలికి రామ్మా" అన్నాడు.

రెడ్ యార్డ్ అనేది వాళ్ల బృందం పేరు, గుంటూరు మిర్చి యార్డును బట్టి పెట్టుకున్నది. 1978లో గుంటూరు నుంచి ఐదుగురు కుర్రాళ్లు మద్రాసు వెళ్లి, రెండు రోజుల్లో ఎనిమిది పాటలు రికార్డు చేసుకుని వచ్చారు. అమెరికాలో నల్లవాళ్లు పాడే సోల్ పద్ధతి, జాజ్ వాయిద్యం, మాటలు మాత్రం తెలుగు. అప్పట్లో అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు. సినిమా పాట కాదు, భక్తి పాట కాదు. రేడియోవాళ్లు ఏ కార్యక్రమంలో వెయ్యాలో తెలియక పక్కన పెట్టేశారు. ఐదొందల రికార్డులు వేస్తే సగం గోడౌన్‌లోనే పాడైపోయాయి. మిగిలినవాటిలో కొన్ని ఎలా వెళ్లాయో ఏమో, దేశాలు దాటాయి. పాత రికార్డులు పోగుచేసే పిచ్చివాళ్ల చేతుల్లో పడ్డాయి. ఆ నోటా ఈ నోటా పాకి, ఈ పదేళ్లలో ఆ రికార్డుకి పెద్ద పేరే వచ్చింది.

ఆ అమ్మాయి పేరు శ్రీరమ్య. నజ్మీన్ ఇచ్చిన టీ తాగుతూ తన పనేమిటో చెప్పుకొచ్చింది. మంచి శబ్దం కోసం ప్రాణం పెట్టేవాళ్లు ఉంటారనీ, వాళ్ల కోసం తమ చిన్న కంపెనీ ఇలాంటి పాత రికార్డులను అసలు టేపు వెతికి పట్టుకుని, మధ్యలో కంప్యూటర్ లేకుండా, దళసరి రికార్డుల మీద కొత్తగా వేస్తుందనీ చెప్పింది.

"మీ టేపులు మద్రాసులో మూతబడిన ఒక స్టూడియో అటక మీద దొరికాయండీ. జిగురు పట్టిపోయి అంటుకుపోయాయి. సన్నటి సెగ మీద ఎనిమిది గంటలు ఆరబెట్టి అప్పుడు తిప్పాం. ఎంత శుభ్రంగా ఉందో మీరు నమ్మరు. పాత రికార్డులో వినపడనివి చాలా వినపడుతున్నాయి. మీ వేళ్లు మీటల మీద పడే చప్పుడు కూడా."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావమ్మా?"

"విని, బాగుందని మీరు ఒక్క మాట చెప్పాలండీ. మిగతావాళ్లెవరూ..." అని ఆగిపోయింది.

"లేరు" అన్నాడు మాలిక్. "డ్రమ్ములు వాయించిన కోటేష్ కరోనాలో పోయాడు. ఇద్దరు అంతకు ముందే పోయారు. పాడినవాడు ఎప్పుడో పోయాడు. నేనే మిగిలాను."

పాడినవాడు ఇమ్మానియేలు. గుంటూరువాడు. వాళ్లమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. అక్కడ పనిచేసిన అమెరికా డాక్టరొకాయన తన దేశం వెళ్లిపోతూ ఒక రికార్డుల పెట్టె, పాట్లు పడి తిరిగే ఒక ప్లేయరూ ఆమెకిచ్చి వెళ్లాడు. ఆ పెట్టెతోనే ఇమ్మానియేలు పెరిగాడు. పగలు మిర్చి యార్డులో కాటా గుమస్తా, ఆదివారం పొద్దున చర్చిలో గాయకుడు.

మాలిక్ తాతలనాటి నుంచీ నాదస్వరం ఇంటివాడు. తండ్రి గుళ్లలో వాయించేవాడు. మాలిక్ మాత్రం క్లారినెట్ పట్టుకుని చీరాలలో బ్యాండుమేళంలో చేరిపోయాడు. ఒకసారి గుంటూరులో పెళ్లి ఊరేగింపులో వాయిస్తుంటే, రోడ్డు పక్కనున్న ఒక సన్నపాటి కుర్రాడు తోసుకుంటూ వచ్చి, "ఒరేయ్, ఆ చివర స్వరాన్ని అలా వంచావే, మళ్లీ వంచు చూద్దాం" అన్నాడు. మాలిక్ మళ్లీ వంచాడు. ఆ కుర్రాడు నడిరోడ్డు మీద కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆ నాటి నుంచీ వాళ్లిద్దరిదీ ఒకటే కంచం. ప్రతి శనివారం మాలిక్ గుంటూరు వచ్చేవాడు. ఇమ్మానియేలు తల్లి చేతి కూడు తిని, ఆ డాక్టరు రికార్డులు ఒక్కొక్కటే వింటూ సాయంత్రం దాకా కూర్చునేవాడు. సాక్సాఫోన్ కొనుక్కోమని పోరిందీ ఇమ్మానియేలే, ఎక్కడో పాతది వెతికి పెట్టిందీ వాడే. వాడి చెల్లెలు రాజ్యం అప్పుడు నర్సు ట్రైనింగులో ఉండేది. "మాలికన్నా" అంటూ వెనకాలే తిరిగేది.

అలాంటి స్నేహం మద్రాసులో ఒక్క మధ్యాహ్నంతో తెగిపోయింది.

రెండో రోజు, ఆఖరి పాట. 'కళ్లం మీద ఎండ' దాని పేరు. మూడు చరణాలు. ఇమ్మానియేలు రెండు చరణాలు పాడి, మూడోది అందుకోవలసిన చోట మైకు వదిలేసి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. పొద్దుటి నుంచీ వాడి వాలకం తేడాగానే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెట్లెక్కుతూ తూలాడు. దగ్గరికి వస్తే నోట్లోంచి ఘాటుగా వాసన. స్టూడియోవాళ్లిచ్చిన గడువు అయిపోవస్తోంది, ఇంకోసారి పాడే వీలు లేదు. మాలిక్‌కి ఒళ్లు మండిపోయింది. మూడో చరణం ఉండవలసిన చోట సాక్సాఫోన్ అందుకుని నాలుగు నిమిషాలు ఆగకుండా వాయించాడు. వాయించడం కాదు, తిట్టాడనే చెప్పాలి.

బయటికొచ్చాక మెట్ల మీద నిలదీశాడు. "తాగొచ్చావా?"

ఇమ్మానియేలు కాదనలేదు. అలిసిపోయిన మొహంతో నవ్వి, "బాగా వాయించావురా" అన్నాడు.

ఆ నవ్వు చూసి మాలిక్‌కి ఇంకా మండింది. తిరుగు రైల్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు. గుంటూరులో దిగాక చర్చిలో పాటలు నేర్పే బుల్లయ్య మాష్టారు రోడ్డు పక్కన ఎదురుపడి, "ఎలా జరిగిందయ్యా?" అని ఆరా తీశారు. "ఏం జరిగిందండీ, మీవాడు తాగొచ్చి ఆఖరి పాట మధ్యలో వదిలేశాడు" అన్నాడు మాలిక్. అన్నది ఆ ఒక్క మాటే. అన్నాక మనసుకి కొంచెం చల్లగా కూడా అనిపించింది.

ఆ క్రిస్మస్‌కి ఇమ్మానియేలును చర్చి పాటల్లోంచి తీసేశారు. ఫిబ్రవరిలో వాడు చనిపోయాడు. ఇరవై ఆరేళ్లు. రెండు రోజుల తరవాత, కొత్తపట్నంలో ఒక పెళ్లిలో వాయిస్తుండగా మాలిక్‌కి కబురు తెలిసింది. గుండె ఆగిపోయిందన్నారు. తాగి తాగి ఆగిపోయి ఉంటుందని తనకి తానే చెప్పుకున్నాడు. ఆ ఇంటికి వెళ్లలేదు. అప్పుడు వెళ్లనివాడు ఆ తరవాత మరి వెళ్లలేకపోయాడు.

విచిత్రమేమిటంటే, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో మెచ్చుకునేది ఆ నాలుగు నిమిషాలనే. శ్రీరమ్య ఫోనులో తీసి చూపించింది. జపానులో ఎవరో రాశారు, ఈ మనిషి తన పక్కన ఉండవలసిన మనిషి కోసం వెతుకుతూ వాయించాడు అని. మాలిక్ కళ్లజోడు సర్దుకుని చదివి, ఫోను తిరిగి ఇచ్చేశాడు.

శ్రీరమ్య సూట్‌కేసు లాంటి పెట్టె తెరిచింది. అది ప్లేయరు. అట్టపెట్టెలోంచి రికార్డు తీసి మాలిక్ చేతికిచ్చింది. నమూనా రికార్డు కాబట్టి దాని మీద బొమ్మ లేదు, పేరు లేదు. బరువుగా ఉంది. మాలిక్ దాన్ని అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు తిప్పి చూశాడు.

మొదటి వైపు విన్నంతసేపూ బాగానే ఉన్నాడు. ఒకచోట నవ్వాడు కూడా, "కోటేష్ ఇక్కడ కర్ర జారవిడిచాడు, విన్నావా?" అని. కుట్టుమిషను ఆపేసి నజ్మీన్ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. తండ్రి పాత సంగతి ఏదైనా తనంతట తాను చెప్పడం ఆమెకి కొత్త.

రెండో వైపు ఆఖరి పాట మొదలయ్యే ముందు శ్రీరమ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడొక సంగతుందండీ. అది అడగడానికే ఇంత దూరం వచ్చాను. ఆ టేపులో ఎవరి మైకు వాళ్లకి విడిగా ఉంది. మీ సాక్సాఫోన్ మొదలైన కాసేపటికి, పాడే మైకుని అప్పటి ఇంజనీరు పూర్తిగా కిందికి దించేశాడు. అందుకే పాత రికార్డులో లేదు. నేను దించకుండా అలాగే ఉంచాను. మీరు వినండి."

పాట మొదలైంది. మొదటి చరణం. రెండో చరణం. ఇమ్మానియేలు గొంతు ఆ గదిలోనే ఉన్నంత దగ్గరగా ఉంది. ప్రతి పాదానికీ ముందు వాడు ఊపిరి పీల్చుకోవడం వినపడుతోంది. మొదటి చరణంలో ఒక్క ఊపిరికి ఒక పాదం. రెండో చరణానికొచ్చేసరికి పాదం మధ్యలో రెండుసార్లు, మూడుసార్లు. పాత రికార్డులో పాట వినపడింది, ఊపిరి వినపడలేదు.

తరవాత సాక్సాఫోన్. దాని వెనకాల, దూరంగా, దగ్గు.

గొంతులో దుమ్ము పడితే వచ్చే దగ్గు కాదది. లోపలి నుంచి తవ్వుకొస్తున్న దగ్గు. ఆగుతుంది, మనిషి గాలి కోసం వెతుక్కుంటాడు, మళ్లీ దగ్గు. చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నట్టుగా ఉంది, పక్కవాళ్లకి వినపడకూడదని. దాని పైన మాలిక్ సాక్సాఫోన్ రంకెలేస్తోంది. మధ్యలో ఒకచోట మెల్లిగా మాట. ఎవరితోనో అంటున్నాడు. "ఆపొద్దండీ. వాణ్ణి వాయించనివ్వండి."

పాట అయిపోయింది. సూది చివరి గాడిలో తిరుగుతూనే ఉంది.

"ఎవరు నాన్నా, అలా దగ్గుతోంది?" అంది నజ్మీన్.

మాలిక్ లేచి పెరట్లోకి వెళ్లి, నీళ్ల తొట్టి దగ్గర మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే తిరిగొచ్చాడు. నీళ్లు గడ్డం మీంచి చొక్కా మీద పడుతున్నాయి. కూతురికి జరిగినదంతా చెప్పాడు. మెట్ల మీద అడిగింది, బుల్లయ్య మాష్టారితో అన్నది, చావుకి వెళ్లనిది. నజ్మీన్‌కి నలభై నాలుగేళ్లు. ఇంట్లో సాక్సాఫోన్ పెట్టె మీద ఎప్పుడూ దుప్పటి ఎందుకు కప్పి ఉంటుందో ఆమెకి ఆ రోజు తెలిసింది.

శ్రీరమ్య తల వంచుకుని విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"తీసెయ్యమంటే తీసేస్తానండీ. పాత రికార్డులాగే ఆ మైకు దించేస్తే సరిపోతుంది. మా ఆఫీసులోవాళ్లకి మాత్రం ఉంచాలనుంది. ఇలాంటిది ఇంకే రికార్డులోనూ లేదంటున్నారు."

"ఉంచండి" అన్నాడు మాలిక్ వెంటనే. "నేను చేసింది లోకమంతా వినాలి."

"నాన్నా" అంది నజ్మీన్. "దగ్గింది నువ్వు కాదుగా. ఆయన తాలూకు మనుషులు ఎవరూ లేరా?"

ఇంకా తిరుగుతున్న రికార్డు మీంచి మాలిక్ సూది ఎత్తి పక్కన పెట్టాడు.

"చెల్లెలుంది" అన్నాడు చివరికి.

శ్రీరమ్య ప్లేయరునీ రికార్డునీ అక్కడే వదిలి, రెండు వారాల్లో చెప్పమని వెళ్లింది. మాలిక్ పది రోజులు ఆ పెట్టె వంక చూస్తూ గడిపాడు. పదకొండో రోజు పొద్దున్నే రైలెక్కాడు.

మిర్చి మంచి ఊపు మీదున్న రోజులు. గుంటూరు స్టేషను బయట ఎక్కిన షేర్ ఆటో యార్డు రోడ్డు మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకున్న లారీల మధ్య ఇరుక్కుపోయింది. ఘాటుకి ఆటోలో అందరూ దగ్గుతున్నారు, కొంగులు, రుమాళ్లు ముక్కులకి అడ్డం పెట్టుకుని. యార్డులో పనిచేసే ఇమ్మానియేలు దగ్గు కూడా ఈ ఘాటుకేనని అప్పట్లో అందరం అనుకున్నాంగా, అని మాలిక్‌కి తట్టింది. ఒళ్లో పెట్టెని గట్టిగా పట్టుకున్నాడు.

రాజ్యం హెడ్ నర్సుగా రిటైరై వాళ్ల పాత పేటలోనే, చర్చి పక్క సందులోని ఆ పాత ఇంట్లోనే ఉంటోంది. అరవై ఆరేళ్లు. తలుపు తీసి, గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసింది. గుర్తుపట్టింది.

"రండి మాలిక్ గారూ" అంది.

మాలికన్నా అనలేదు. కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. ఎదురుగా మంచం మీద కూర్చుని, చెప్పండి అన్నట్టు చూసింది. మాలిక్ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు, ఓదార్చలేదు.

"అన్నయ్యకి చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిందండీ" అంది అంతా విన్నాక. "దాంతో గుండె కవాటం పాడైపోయింది. అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మద్రాసు వెళ్లొద్దని కాళ్లావేళ్లా పడ్డాం. వినలేదు. దగ్గు మందు సీసా నేనే తెచ్చి వాడి సంచిలో పెట్టాను. దారి పొడుగునా తాగుతూనే ఉండి ఉంటాడు. మీకొచ్చిన వాసన అదే."

మాలిక్ అడిగాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే మీరు రికార్డింగు మానేసి వాణ్ణి ఆసుపత్రికి ఈడ్చుకెళ్లేవాళ్లు. వాడికి తెలీదా మీ సంగతి?" అని ఆగింది. "తాగాడన్న మాట మీరన్నారని బుల్లయ్య మాష్టారే అమ్మకి చెప్పారు. అమ్మ శాపనార్థాలు పెడుతుంటే అన్నయ్య ఒప్పుకోలేదు, జబ్బు సంగతి మాష్టారికి చెప్పనివ్వనూ లేదు. వాడు కోపంలో అన్నాడులే అమ్మా, శనివారం వస్తాడు అన్నాడు. ఆ శనివారం రాలేదు. వచ్చే శనివారం అన్నాడు. క్రిస్మస్ నాడు ఇదిగో, ఈ మంచం మీదే పడుకున్నాడు. చర్చిలో పాడేది ఇక్కడికి వినపడుతుంది. ఎవడో శ్రుతి తప్పుతున్నాడే అని నవ్వాడు. ఫిబ్రవరి దాకా శనివారాలు లెక్కపెట్టాడండీ."

మాలిక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బయట సందులో ఎవరో గ్యాస్ బండ దొర్లించుకుంటూ వెళ్లారు.

"వినిపించండి" అంది రాజ్యం.

మాలిక్ సూది పెట్టాడు. అన్న పాడుతున్నంతసేపూ రాజ్యం కదలకుండా కూర్చుంది. దగ్గు మొదలవగానే మాత్రం ముందుకి వంగింది, రోగి పక్కన నిలబడి వినే నర్సులాగా.

"తడి దగ్గు" అంది మెల్లిగా. "ఊపిరితిత్తుల్లో అప్పటికే నీరు చేరింది. అయ్యో నా తండ్రీ, అప్పటికే."

మాట వచ్చిన చోట చెయ్యెత్తి ఆపమంది. మళ్లీ వెయ్యమంది. ఆపొద్దండీ, వాణ్ణి వాయించనివ్వండి. మళ్లీ. నాలుగోసారికి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఇమ్మానియేలు ఫోటోలు రెండున్నాయి. మాట్లాడే గొంతు మాత్రం నలభై ఐదేళ్లుగా లేదు.

తేరుకున్నాక, "దగ్గు తీసేయించండి" అంది.

"నేను ఉంచమందామని..." అన్నాడు మాలిక్. "నా తప్పు అందరికీ తెలియాలని."

"అది మీ తప్పు కోసం. మరి వాడి సంగతి?" రాజ్యం గొంతు పెరిగింది. "వాడు చేతిగుడ్డ నోట్లో పెట్టుకుని దాచుకున్నాడండీ. ప్రాణం పోతున్నా దాచుకున్నాడు. ఇప్పుడు దాన్ని మంచి శబ్దం, మంచి శబ్దం అని ఊళ్లవాళ్లంతా చెవులొగ్గి వినాలా? మీకంత చెప్పుకోవాలని ఉంటే నోటితో చెప్పండి. కాగితం మీద రాయండి. తాగలేదని రాయండి. అబద్ధమాడింది నేనే అని మీ పేరు పెట్టి రాయండి. చదివి తెలుసుకుంటారు. వినక్కర్లేదు."

మాలిక్ తలూపాడు. "నన్ను క్షమిస్తావా రాజ్యం?" అన్నాడు.

"నేనెవర్నండీ క్షమించడానికి? ఆ పని చెయ్యగలిగినవాడు మీకోసం మూడు నెలలు చూశాడు." ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. "ఈ రికార్డు ఇక్కడే ఉంచి వెళ్లండి. అన్నం తిని వెళ్లండి."

ఆ రెండూ చేశాడు మాలిక్. కంచం ముందు కూర్చుంటే మెతుకు దిగలేదు, అయినా తిన్నాడు.

సెప్టెంబరులో రికార్డు వచ్చింది. అట్ట మీద ఎర్రటి మిరపకళ్లం, దాని మీద నడినెత్తి ఎండ. లోపలి కాగితంలో ఇంగ్లీషులో చాలా రాశారు. టేపు ఎలా దొరికింది, ఏ యంత్రం మీద తిప్పారు, రికార్డు ఎంత బరువు. చివర మాలిక్ మాట ఉంది. అది తెలుగులో కూడా వెయ్యాలని మాలిక్ పట్టుబట్టాడు. "ఆఖరి పాటలో మూడో చరణం ఇమ్మానియేలు పాడలేదు. ఆ రోజు అతనికి ఊపిరి అందలేదు. గుండె జబ్బుతో ఉండి ఎనిమిది పాటలూ పాడాడు. అతను తాగి ఉన్నాడని నేను అప్పట్లో చెప్పాను. అది నిజం కాదు. అతను నా స్నేహితుడు. షేక్ మాలిక్, వేటపాలెం."

రికార్డులు నెల తిరక్కుండా అయిపోయాయని శ్రీరమ్య ఫోన్ చేసింది. సాక్సాఫోన్ వెనకాల ఎంత నిశ్శబ్దమో అని అందరూ మెచ్చుకుంటున్నారట. మాలిక్ సరేనమ్మా అన్నాడు.

రాజ్యం కూడా ఫోన్ చేసింది. "చదివాను. బాగుంది. కానీ జపానువాళ్లకి తెలిస్తే చాలదుగా మాలిక్ గారూ. మా పేటలో తెలియాలి. పాస్టరు గారితో మాట్లాడాను. ఆదివారం రండి" అంది.

మాలిక్ వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా, తల మీద టోపీ. ఆరాధన అయ్యాక పాస్టరు గారు పిలిస్తే ముందుకి వెళ్లి నిలబడి కాగితం చదివాడు. చర్చి నిండా జనం ఉన్నారు. చాలామంది పాతికేళ్ల లోపు పిల్లలు. మర్యాదగా విన్నారు. ఇమ్మానియేలు ఎవరో వాళ్లకి తెలియదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు తలలూపి, ఆ కాటా గుమస్తానా, అని పక్కవాళ్లతో అనుకున్నారు. చదవడం అయిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఎందుకో తెలియక మానేశారు.

బయట ఆవరణలో, షామియానా కింద, చక్రాల కుర్చీలో బుల్లయ్య మాష్టారున్నారు. తొంభై రెండేళ్లు. లోపలికి తీసుకెళ్తే జనంలో ఇబ్బందని మనవరాలు అక్కడే కూర్చోబెట్టింది. ఆయన ఏమీ వినలేదు. మాలిక్ వెళ్లి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మాష్టారూ, నేను మాలిక్‌నండీ. సాక్సాఫోన్ మాలిక్."

"ఆఁ?"

"ఇమ్మానియేలు స్నేహితుణ్ణండీ!"

"ఏ ఇమ్మానియేలు?"

రాజ్యం రెండో వైపు వంగి, ఆయన చెవిలో, "మా అన్నయ్యండీ, ఆయా సుందరమ్మ కొడుకు" అంది. ముసలాయన కళ్లలో ఏదో కదిలింది.

"మంచి గొంతు" అన్నారు. "తాగేవాడు పాపం."

"తాగలేదండీ!" అన్నాడు మాలిక్.

"ఏంటీ?"

"తాగలేదు మాష్టారూ! ఇమ్మానియేలు తాగలేదు! నేను అబద్ధం చెప్పాను!"

మాలిక్ అరుస్తున్నాడు. చర్చి మెట్లు దిగుతున్న జనం ఆగి చూస్తున్నారు. నలభై ఆరేళ్ల కిందట రోడ్డు పక్కన నిలబడి మామూలు గొంతుతో ఒక్కసారి అన్న మాట అది. ఇప్పుడు మూడుసార్లు, నాలుగుసార్లు, నరాలు తేలేటట్టు అరిచినా ఆయన చెవికి ఎక్కడం లేదు. ఐదోసారికి ఎక్కింది. బుల్లయ్య మాష్టారు మాలిక్ మొహంలోకి చాలాసేపు చూశారు.

"తాగలేదా?"

"లేదండీ. జబ్బండీ."

"మరి అప్పుడే చెప్పలేదేం నాయనా?" అన్నారాయన, కోపమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టుగా. "క్రిస్మస్‌కి పాడించేవాణ్ణిగా."

మాలిక్ మోకాళ్ల మీద నుంచి లేవడానికి కుర్చీ పిడి పట్టుకుంటే, ముసలాయన ఆ చేతి మీద తన చెయ్యి వేసి, జవాబు కోసం ఇంకా అలాగే చూస్తున్నారు.